సుద్దపొడి పళ్లెం

బక్కయ్య డస్టర్‌ను కిటికీ ఊచకేసి కొడుతున్నాడు. తెల్లటి దుమ్ము లేచి ముక్కులోకి, మీసాల్లోకి, చొక్కా కాలరు లోపలికి పోయింది. ఖళ్లున దగ్గి కిటికీ బయటికి ఉమ్మాడు. పంతొమ్మిదేళ్లుగా శామీర్‌పేట దగ్గరి ఈ ప్రైవేటు బడిలో ల్యాబ్ అటెండరు పని. పంతొమ్మిదేళ్లుగా ఉమ్మితే సున్నమే. ఇక ఆ బాధ లేదులెండి. గదులన్నిటా గోడంతేసి టీవీలు వచ్చాయి. సుద్దముక్కలు పోయాయి, వాటితోపాటు బక్కయ్యనూ సోమవారం నుంచి రావద్దన్నారు.

ఒక్క ఆశ మిగిలింది. ఫిజిక్స్ చెప్పే ఫణిభూషణ్ కాకినాడవైపు మనిషి, మెత్తటివాడు. "ఈసారి సైన్స్ ఫెయిర్‌లో తోకచుక్క మీరే చూపించండి బక్కయ్య గారూ. చీఫ్ గెస్టు మెచ్చుకుంటే డైరెక్టరు గారు కాదనలేరు. నేనూ ఓ మాట అంటాను" అన్నాడు.

అందుకే పది రోజులుగా బక్కయ్యకు ఇదే పని. పెద్ద పళ్లేనికి నల్లరంగు పూశాడు. మధ్యలో బల్బు పెట్టాడు. అది మన సూర్యుడు కాదు, ఎక్కడో అరవై మూడు కాంతి సంవత్సరాల అవతలి నక్షత్రం. దాని చుట్టూ డస్టర్లు దులిపిన సుద్దపొడి. అక్కడ నిజంగానే ఇలా దుమ్ము చక్రం ఉందట. ఆ దుమ్ములోంచి తోకచుక్కలు నక్షత్రం దగ్గరికి పోయి, వేడికి ఆవిరైపోతాయట. అవి కంటికి కనబడవు. ఆ ఆవిరి అడ్డొచ్చినప్పుడు నక్షత్రం వెలుగు రవ్వంత తగ్గుతుంది, దాన్నిబట్టే తెలుసుకోవాలి.

తుర్కపల్లి మందుల కంపెనీలో క్యాబు నడిపే కుమార్, థర్మోకోల్ డబ్బాలో డ్రై ఐస్ తెచ్చిచ్చాడు. కరిగి నీళ్లు కాకుండా నేరుగా పొగైపోయే మంచు అది. దాన్ని నలగ్గొట్టి, మట్టి, బొగ్గుపొడి, నీళ్లు కలిపి బక్కయ్య కొబ్బరికాయంత ముద్ద చేశాడు. అదే తోకచుక్క. ఫెయిర్ రోజు పొద్దున తొమ్మిదింటికి అది బుసబుసా పొగలు కక్కింది. గెస్టు తొమ్మిదిన్నరకు రావాలి.

పదిన్నరైంది. పన్నెండైంది. రిబ్బను కత్తిరించందే ఎవరూ ఏదీ ముట్టుకోకూడదని డైరెక్టర్ జనార్ధన్ మైకులో రెండుసార్లు చెప్పాడు. బయట పూలరేకులు పట్టుకుని పిల్లలు ఎండలో నిలబడ్డారు. ఒక పిల్ల కక్కుకుంది. డైరెక్టరు ముక్కుకు కర్చీఫు అడ్డం పెట్టుకుని, "బక్కయ్యా, జల్దీ కడుగు. సారు కార్ దిగే జాగ అది" అన్నాడు. పిల్లకు నీళ్లిమ్మనలేదు. ఛీ, ఏం మనుషులు! బక్కయ్యే నీళ్లు తాగించి, ఫినాయిలు పోసి కడిగాడు. ఫినాయిలు, కక్కు, వాడిపోయిన బంతిపూలు, మూడూ కలిసి కంపు కొట్టాయి.

ల్యాబుకు తిరిగొచ్చేసరికి ముద్ద నిమ్మకాయంత అయింది. డబ్బాలో డ్రై ఐస్ పలుకైనా మిగల్లేదు.

కాసేపటికి గుమ్మంలో హర్షిత నిలబడింది. ఇందాక కక్కుకున్న పిల్లే, ఏడో తరగతి. వెనకాల తరగతంతా ఉంది.

"తాతా, మా బస్సు ఒంటిగంటకి వెళ్లిపోతుందంట. మాకు చూపించవా?"

"సారు రాలే బిడ్డా. ముట్టొద్దన్నరు."

"ఆయన వచ్చేదాకా ఉంటుందా అది?"

బక్కయ్య ముద్దను చూశాడు. డబ్బాలో దాస్తే ఇంకో అరగంట ఉంటుందేమో. గెస్టు మేడ్చల్ దాటాడని ఇప్పుడే చెప్పారు. ఆ మాట పదిన్నరకూ చెప్పారు. ఇది కాస్తా అయిపోతే గెస్టుకు చూపించేందుకు ఏమీ ఉండదు, సోమవారం నుంచి ఉద్యోగమూ ఉండదు. పక్కనే ఉన్న ఫణిభూషణ్‌కూ ఆ సంగతి తెలుసు. "ఆలోచించుకోండి బక్కయ్య గారూ" అన్నాడు నసుగుతూ.

"ఏం ఆలోచన సారూ? గా పెద్దమనిషి కోసం గీ పోరగాండ్లు ఎండల మాడాల్నా? థూ! ఇగ నాతోని కాదు. లైటెయ్యుండ్రి."

తెరలు మూశారు. పటకారుతో ముద్దను పట్టుకుని, సుద్దపొడిని రాసుకుంటూ బల్బు ముందు నుంచి నెమ్మదిగా జరిపాడు. పొగ అడ్డొచ్చింది. బల్బుకు ఎదురుగా పెట్టిన ఫణిభూషణ్ ఫోనులో వెలుతురు కొలిచే గీత కిందికి దిగి మళ్లీ లేచింది.

"తగ్గింది! తాతా, తగ్గింది!" హర్షిత అరిచింది.

"అగో, గట్లనే కనిపెడ్తరు. మనకు కనబడకున్నా అది ఉన్నట్టే." పది రోజులు బట్టీ పట్టిన ఉపన్యాసంలో బక్కయ్యకు గుర్తున్నది అదొక్కటే.

పిల్లలు మళ్లీ మళ్లీ అడిగారు. ఐదోసారికి మిగిలిన మట్టీ బొగ్గూ రాలిపోయి పటకారులో ఏమీ లేదు.

గెస్టు రెండింటికి వచ్చాడు. పిల్లలు వెళ్లిపోయారు గనక టీచర్లే పూలు చల్లారు. ల్యాబులో అరనిమిషం ఉన్నాడు. పళ్లెం పక్కన నిలబడి ఫోటో దిగి, "మస్తుంది. మంచిగ జేసిన్రు" అని, ఫోను మాట్లాడుకుంటూ వెళ్లిపోయాడు. తోకచుక్క ఏదని ఎవడూ అడగలేదు. ఉన్నా చూసేవాడు కాదు. ఇలాంటివాడి మెప్పు కోసమా పొద్దుటి నుంచి పడిగాపులు పడిందని బక్కయ్యకు అసహ్యం పుట్టింది, ముందు అతని మీద, తర్వాత తన మీద.

తాళంచెవులు ఫణిభూషణ్ చేతిలో పెట్టాడు.

"డైరెక్టరు గారితో సాయంత్రం మాట్లాడతానండీ" అన్నాడు ఫణిభూషణ్, నేలచూపులు చూస్తూ.

"వద్దు సారూ."

కుళాయి దగ్గర నోరు పుక్కిలించి ఉమ్మాడు. టిఫినుడబ్బా తీసుకుని గేటు దాటాడు. షామియానా విప్పుతున్నవాళ్లు తలెత్తి చూడలేదు.

ల్యాబులో బల్బు ఆర్పాలని ఎవరికీ తోచలేదు. దాని చుట్టూ పళ్లెంలో సుద్దపొడి, ఆ పొడిలో ముద్ద రాసుకుంటూ పోయిన చోట వేలెడంత వెడల్పున నల్లటి దారి.