రెండు టబ్బులు, ఒకే మట్టం

ప్రమీలమ్మ ఉదయగిరి ఆసుపత్రిలో నర్సు. పదిహేను రోజుల ట్రైనింగుకని నెల్లూరు పోతూ, ఇంటి తాళంతో పాటు చేపలను కూడా పక్కింటి హన్నమ్మకు అప్పగించింది.

“నాకెందుకమ్మా ఈ గండం? ఎనిమిదో తరగతిలో చదువు మానుకున్నదాన్ని. ఏదన్నా తప్పు చేస్తే?” అంది హన్నమ్మ చంకలో పిల్లను సర్దుకుంటూ.

“చేపలకు పాఠం చెప్పాల్నా ఏంది? రోజూ నా పక్కన కూసోని చూస్తానే ఉండావు గదా.”

కాదనలేక హన్నమ్మ తాళం అందుకుంది. ఎనిమిది నెలల కిందట ఈ పిల్ల పుట్టి ఏడవకపోతే, నోట్లో నోరు పెట్టి ఊపిరి ఊదింది ఈ ప్రమీలమ్మే. ఆమె అడిగిన మొదటి పని ఇది. ఆమె వచ్చేదాకా ఈ చేపలు బతకాలి. అంతకు మించి హన్నమ్మ దేవుణ్ణి ఏమీ అడగలేదు.

వెనక వసారాలో బల్ల మీద అద్దాల తొట్టి ఉంది. దాని పక్కనే నేల మీద రెండు ప్లాస్టిక్ టబ్బులు. పెద్ద చేపలు అద్దాల తొట్టిలో ఉంటాయి. వాటి మురికి నీళ్ళు నాలుగు చెంబులు రోజూ పొద్దున్నే మొదటి టబ్బులో పోయాలి. అక్కడ మడ్డి అడుగునున్న ఇసకలోకి దిగుతుంది. తేట నీళ్ళు, రెండు టబ్బుల అంచుల మీదుగా నీళ్ళు నింపి వేసిన సెలైన్ గొట్టంలోంచి రెండో టబ్బులోకి పోతాయి. ఆ టబ్బు నిండా నాచు, ఆ నాచులో కంటికి ఆనీ ఆనని చేపపిల్లలు. పెద్ద తొట్టిలో ఉంచితే కన్నతల్లే మింగేస్తుందని వాటిని అక్కడ దాచింది ప్రమీలమ్మ. రెండో టబ్బులోంచి నాలుగు చెంబులు తీసి మళ్ళీ అద్దాల తొట్టిలో పోస్తే ఆ రోజుకు పని అయినట్టే. రెండు టబ్బులకూ అంచుకు నాలుగు వేళ్ళ కింద ఎర్రటి గోళ్ళరంగుతో గీత గీసి ఉంది.

“రెండిట్లో నీళ్ళు ఆ గీత కాడ నిలబడాల. అంతే,” అని చెప్పి బస్సెక్కింది ప్రమీలమ్మ.

మూడు రోజులు అలాగే నిలబడ్డాయి. నాలుగో రోజు పొద్దున, చెంబు కడిగి వెనక్కి తిరిగేసరికి పిల్ల పాక్కుంటూ పోయి మొదటి టబ్బు అంచు పట్టుకుని లేచి నిలబడి ఉంది. తల నీళ్ళ మీదికి వంగింది. హన్నమ్మ ఒక్క ఉరుకున పోయింది. పిల్లను లాక్కుని గుండెలకు అదుముకుని, ఏడవాలో తిట్టాలో తెలియక రెండూ చేసింది.

వెంటనే ఎదురింటి సైదాబీని కేకేసి, ఇద్దరూ కలిసి మొదటి టబ్బును పట్టి, నిలువుగా పెట్టిన నాలుగు ఇటుకల మీదికి ఎక్కించారు. ఇటుకలు అన్నే ఉన్నాయి. రెండో టబ్బు మీద గంప బోర్లించి రాయి పెట్టింది. ఇక పిల్లకు భయం లేదు. గొట్టం ఎప్పటిలాగే దీంట్లో ఒక కొస, దాంట్లో ఒక కొస అడుగుదాకా దిగి ఉంది.

తెల్లారి తలుపు తీస్తే వసారా అంతా తడి. మొదటి టబ్బులో నీళ్ళు గీతకు జానెడు కిందికి పోయాయి. అయ్యో, తగ్గిపోయాయే అని రెండు బిందెలు తెచ్చి దాంట్లోనే పోసింది. పోసిన కాసేపటికి రెండో టబ్బు గంప కింద నుంచి నీళ్ళు పొర్లసాగాయి. గచ్చు మీద వెండి పొట్టులాంటివి ఎగిరెగిరి పడుతున్నాయి. చేపపిల్లలు!

తమలపాకుతో ఎత్తింది, చెంచాతో ఎత్తింది. ఎత్తుతూ లెక్కపెట్టింది. పదకొండు కదల్లేదు.

“మామా! మదార్ మామా! ఒక్కసారి రా మామా!”

సైదాబీ మొగుడు మదార్ సాహెబ్ తాపీ మేస్త్రీ. పనికి పోతూ భుజాన చుట్టుకున్న ట్యూబుతోనే వచ్చాడు. పొర్లే నీళ్ళు చూసి ముందు సెలైన్ గొట్టం పీకి పక్కన పడేశాడు. పొర్లడం ఆగింది.

“దీంట్లో పోస్తే దాంట్లో పొర్లతా ఉండాది. గొట్టానికి దయ్యం పట్టినట్టుండాది మామా.”

“దయ్యం గొట్టానికి పట్టలేదు, నీ ఇటుకలకు పట్టింది,” అని ఆయన తన ట్యూబులో నీళ్ళు నింపి, ఒక కొస ఎత్తు టబ్బు గీత దగ్గర, రెండో కొస కింది టబ్బు దగ్గర పట్టాడు. “చూడు. మేం గోడలకు మట్టం చూసేది దీంతోనే. ఆ గీతకు సమానంగా నీళ్ళు ఈ కొసలో యాడ నిలబడినాయి?”

కింది టబ్బు అంచుకు పైన, గాలిలో!

“మరి అక్కడి దాకా టబ్బు లేదు గదా మామా.”

“అందుకే నేలపాలైనాయి. నీళ్ళకు నీ ఎర్ర గీతలు తెలవవు బిడ్డా. ఒకదాన్ని ఎత్తితే రెండోదాన్నీ అంతే ఎత్తాల.”

“నేను ఎత్తింది పిల్ల కోసరం...”

“తెలుసులే. మా సైదాబీ అయితే చేపల్నే కూర చేసి పీడ వదిలించుకునేది,” అని నవ్వించబోయాడు. హన్నమ్మకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

ఆయన పని చోటి నుంచి ఇంకో నాలుగు ఇటుకలు తెచ్చి, ట్యూబుతో మట్టం చూసి రెండు టబ్బులనూ సమంగా నిలిపాడు. గొట్టం మళ్ళీ వేసే ముందు హన్నమ్మ ఆగింది. కొస అడుగుదాకా ఉండబట్టే కదా ఎత్తు టబ్బులోంచి జానెడు నీళ్ళు దిగిపోయాయి? రెండు కొసలనూ గీతకు వేలెడు కిందనే ఉండేలా దారంతో అంచుకు కట్టింది. ఇక ఏ టబ్బు ఎత్తయినా వేలెడుకు మించి నీళ్ళు దిగవు. మదార్ సాహెబ్ వంగి చూసి, “ఇది నాకు తట్టలేదే!” అన్నాడు.

ప్రమీలమ్మ వచ్చిన రోజు, పెట్టె దించకముందే హన్నమ్మ చెప్పేసింది. “పదకొండు చచ్చిపోయినాయమ్మా. నేనే చంపినా. పిల్ల పడతాదని ఇటుకలు పెట్టినాను.”

ప్రమీలమ్మ వసారాలోకి నడిచింది. గంప తీసి చూసింది. నాచులో మిగిలినవి చురుగ్గా తిరుగుతున్నాయి.

“నేను పురుడు పోసినోళ్ళంతా దక్కినారనుకుంటివా?” అంది. “దక్కనోళ్ళ పేర్లు కూడా నాకు గుర్తే. అయినా మళ్ళా పొద్దున డ్యూటీకి పోతా ఉండలా?”

హన్నమ్మ కళ్ళు తుడుచుకుంది. మనసులో మేస్త్రీ మామకు, ఈ తల్లికి, పైనున్న ప్రభువుకు వరసగా దండాలు పెట్టుకుంది.

ప్రమీలమ్మ కొంగు దోపుకుని కూర్చుని, దారం విప్పి గొట్టాన్ని ఎప్పటిలాగే లోపలికి తోయబోయింది.

“అడుగుకంటా దింపబాకండమ్మా!” హన్నమ్మ గబుక్కున ఆమె చెయ్యి పట్టుకుంది. “ఇట్ట జరగండి. ఎట్ట కట్టాల్నో నేను చూపిస్తాను.”

ప్రమీలమ్మ బుద్ధిగా పక్కకు జరిగింది.