మూత కింద రబ్బరు

మోచేయి బల్లకు ఆనించి, ఊపిరి బిగబట్టి, తాత సోల్డరింగ్ కడ్డీ మొన దించాడు. సన్నటి పొగ లేచింది. వీధిలో అందరికీ ఆయన కరెంటు తాత. జుట్టు నల్లగా ఉన్నప్పటి నుంచీ బళ్ల వైర్లే ఆయన లోకం. హారన్లు, దీపాలు, డైనమోలు ఆ చేతికి అలవాటే. ఈ ఇంజను కంప్యూటర్లు మాత్రం భోజనాలయ్యాక దిగిన చుట్టాల్లా ముసలితనంలో వచ్చిపడ్డాయి.

"చెయ్యి వణుకుతోందా?" టార్చి పట్టుకున్న భార్య అడిగింది. అదే కొట్లో గుమ్మం పక్కన కూర్చుని ఆమె ట్యూబులకు పంచర్లు వేస్తుంది.

"నీ టార్చే వణుకుతోంది."

"సూదిలో దారానికి నన్ను పిలుస్తావు, సాలీడు కాళ్లలాంటి ఈ చిప్పు కాళ్లు మాత్రం అతికించేస్తావు! బాగానే ఉంది."

కొట్టు ముందు నిలిపిన వ్యాను అల్లుడిది. కొండమీది మిల్లుకు ఆడకూలీలను చేరవేసే పాత బండి. పోయిన వానకు ఎత్తు మలుపులో ఇంజను ఉన్నట్టుండి ఆగిపోయింది. బండి వెనక్కి జారి గోడను గుద్దింది. అల్లుడి కాలు విరిగింది. ఇప్పుడు స్టీరింగు కూతురి చేతిలో ఉంది. ముందు సీటు కిందున్న కంప్యూటరు డబ్బాలోకి నీళ్లు దిగి, లోపలంతా పచ్చగా చిలుము పట్టింది. పాత బళ్లు విప్పి అమ్మేచోట అలాంటిదే ఇంకో డబ్బా దొరికింది. కానీ తాళంచెవిని గుర్తుపట్టేది పాత డబ్బాలోని చిన్న చిప్పు. దాన్ని ఊడదీసి కొత్తదాంట్లో అతికించకపోతే, బండి సొంతవాళ్లను కూడా దొంగల్లాగే చూస్తుంది.

చిప్పును ఎటు తిప్పి పెట్టాలో చెప్పే చుక్క తాతకు కనబడలేదు. అది తిరగబడితే చిప్పు కాలిపోతుంది. గోటితో తడిమాడు.

"చుక్క నీ వైపుంది," అడక్కుండానే చెప్పిందామె.

చిప్పు కాళ్లన్నీ అతుక్కున్నాయి. తాత మూత బిగించి, డబ్బాను సీటు కింద కూర్చోబెట్టి, కూతురిని పిలిచాడు. ఆమె తాళం తిప్పింది. ఇంజను ఒకసారి దగ్గి అందుకుంది.

"పట్టింది నాన్నా!"

తాత చేతులు కడుక్కుని వచ్చేసరికి తల్లీకూతుళ్లు వ్యానులోంచి దిగుతున్నారు. ఆకాశం నల్లబడుతోంది.

"మలుపు దగ్గర నెమ్మదమ్మా."

"నెమ్మదిగానే పోతా. ఇది పరిగెత్తడం నువ్వెప్పుడు చూశావు?" నవ్వుతూ బండెక్కి మిల్లు వైపు వెళ్లిపోయింది.

తాత బల్ల సర్దడం మొదలుపెట్టాడు. గుడ్డతో తుడిచాడు. చేతికి నల్లటి రబ్బరు చట్రం తగిలింది. డబ్బాకూ మూతకూ మధ్య, నీళ్లు దిగకుండా పెట్టాల్సింది. తనే శుభ్రంగా తుడిచి పక్కన పెట్టుకున్నాడు. నల్ల బల్ల మీద నల్ల రబ్బరు. కనబడలేదు.

రేకు మీద టప్పుమని చినుకు పడింది.

ఫోను తీసి, మళ్లీ జేబులో పెట్టేశాడు. బండి నడిపేటప్పుడు ఫోనెత్తొద్దని నేర్పింది తనే. భార్యకు చెబుదామంటే నోరు రాలేదు. రబ్బరు సంగతి చెబితే కళ్ల సంగతీ చెప్పాలి.

"ఇప్పుడే వస్తా," అని సైకిలెక్కాడు. రబ్బరు చొక్కా జేబులో ఉంది. "గొడుగయ్యా!" అని ఆమె వెనక నుంచి అరుస్తూనే ఉంది.

ఎత్తులో తొక్కలేక దిగి, సైకిలు నెట్టుకుంటూ నడిచాడు. రోడ్డు మీద నీళ్లు కాలవలా పారుతున్నాయి. విరిగిన గోడ దగ్గర ఆగి చెవులు రిక్కించాడు. మిల్లు నుంచి దిగివచ్చే బండి నిండా మనుషులుంటారు. ఇంజను ఇక్కడే ఆగితే? వాన చప్పుడు తప్ప ఏమీ వినబడదు. రెండు బళ్లు వచ్చాయి, కూతురి వ్యాను కాదు. ఎవరినో మొక్కుకుందామనుకున్నాడు, పేరు గుర్తు రాలేదు.

తర్వాత వినిపించింది. ఆ దగ్గు ఆయనకు తెలుసు. దగ్గి, సర్దుకుని, నింపాదిగా వస్తోంది.

"నాన్నా! ఇక్కడేం చేస్తున్నావ్?"

"ఊరికే."

సైకిలును పైకెక్కించి, ఆయన్ను ముందు కూర్చోబెట్టారు. వెనక నుంచి ఒకామె, "తాతా, అల్లుడి పనికి ఎసరు పెట్టావా?" అంది. అందరూ గొల్లుమన్నారు. తాత చెప్పు సర్దుకుంటున్నట్టు వంగి, సీటు కింద చెయ్యి పెట్టాడు. కింద నీళ్లున్నాయి. మూత చుట్టూ మాత్రం మందంగా ఏదో పూసి ఉంది. వేళ్లు వాసన చూశాడు. పంచరు గమ్ము.

కూతురు రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. "అమ్మ పూసింది. సందు చూసింది కదా. నీకు చెప్పొద్దంది."

తాత వేళ్లు తుడుచుకుంటూ అడిగాడు. "మీ అమ్మకు ఎప్పట్నుంచి తెలుసు?"

"నువ్వు సూదికి దారం ఎక్కించమన్నప్పట్నుంచి."

కొట్టు ముందు భార్య తువ్వాలుతో నిలబడి ఉంది. "నీ ఇప్పుడే అంటే ఇంతసేపా?" అంటూ తల తుడిచింది.

తాత లోపలికి నడిచాడు. చల్లారిన కడ్డీకి వైరు చుట్టి, తీసుకెళ్లి ఆమె పంచరు డబ్బా పక్కన పెట్టాడు.

"రేపట్నుంచి టార్చి నేను పట్టుకుంటా."

"నాకేం వచ్చని?"

"చుక్క కనబడుతుందిగా. మిగతాది నేను చెబుతా."

ఆమె తువ్వాలు పిండి ఆరేసింది. జేబులో రబ్బరు గుర్తొచ్చి, తాత దాన్ని బల్ల పైనున్న మేకుకు తగిలించాడు. డబ్బా ఆకారం వదలకుండా అది అక్కడే వేలాడుతూ, అడుగు మూల నుంచి ఒక్కో చుక్కా బల్ల మీదికి రాలుస్తోంది.