గూటి చెప్పులు

మా ఆవిడ కోళ్ల గూటి తలుపు మీద సుద్దముక్కతో నియమాలు రాసిపెట్టింది. మొదటిది: ఇంటి చెప్పులు ఇంటికి, గూటి చెప్పులు గూటికి. తక్కినవీ అదే ధోరణి. నీళ్ల పళ్ళెం కప్పు కిందే ఉండాలి, కాకులూ పిచ్చుకలూ అందులో ముక్కు పెట్టకూడదు. కొత్త కోడిని పదిహేను రోజులు విడిగా ఉంచాలి. చచ్చిన పిట్టను వట్టి చేత్తో ముట్టకూడదు, ఫోను చెయ్యాలి. పశువుల ఆసుపత్రిలో ఒక్క పూట శిక్షణకి వెళ్లొచ్చి మా ఇంటికి రాజ్యాంగం రాసేసింది మహాతల్లి.

"నీ కోళ్లేమన్నా కలెక్టర్లా, చెప్పులు మార్చుకుని కలవడానికి?" అనేవాణ్ణి.

"చెరువు గట్టున తిరిగొచ్చే మనిషి మీరు. ఆ బూట్లకి ఎన్ని పక్షుల రెట్ట అంటుకుందో ఏమో! అవతలికి నడవండి," అనేది.

నిజమే. నాది నీళ్ల పంపుల దగ్గర పని, పంపుహౌసు చెరువు అంచునే. చలికాలం వచ్చిందంటే ఎక్కడెక్కడి బాతులో వచ్చి వాలతాయి. అడుగు తీసి అడుగు వేస్తే రెట్టే. అందుకే ఇన్నేళ్ల కాపురంలో ఒక్కసారి కూడా నన్ను గూటి గడప దాటనివ్వలేదు. తను మాత్రం నీలం రబ్బరు చెప్పులు వేసుకుని టపటపలాడించుకుంటూ లోపల తిరిగేది.

ఆరు నెలల కిందట ఆమె పోయింది. స్టవ్ ముందు నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే కూలిపోయింది. పదకొండు కోళ్లు నా నెత్తిన పడ్డాయి. వాటికి నేనంటే గిట్టదు. గింజలు వేసినా సరే, నేను బయటికి వెళ్లేదాకా మూలకి చేరి ఒకటే గోల. నాకూ అవంటే గిట్టదు. కానీ ఆమె మిగిల్చిపోయినవాటిలో ప్రాణమున్నవి అవే.

నియమాలన్నీ పాటించాను, ఒక్కటి తప్ప. గూటి చెప్పులు గడప లోపల ఆమె విడిచినచోటే ఉన్నాయి. అరిగిన రబ్బరులో ఆమె వేళ్ల గుంటలు. వాటిలో కాళ్లు పెట్టడానికి నాకు మనసొప్పలేదు. ఊడ్చినా వాటి చుట్టూనే ఊడ్చేవాణ్ణి. కొత్త జత కొనుక్కోవచ్చుగా అంటారు. కొంటే ఆ చోట అవి పెట్టాలి. అందుకని బూట్లతోనే లోపలికి వెళ్లేవాణ్ణి.

పది రోజుల కిందట పంపు జాలీకి ఓ చచ్చిన బాతు అడ్డం పడింది. చేత్తో ముట్టలేదు, నియమం గుర్తుంది మరి. బూటుకాలితో పక్కకి నెట్టాను. ఫోను మాత్రం ఎవరికీ చెయ్యలేదు. ఇంటికొచ్చి అవే బూట్లతో గింజలు వేశాను. వారం తిరక్కుండా నాలుగు కోళ్లు తలలు వాల్చేసి చచ్చిపోయాయి. అప్పుడు చేశాను ఫోను.

పశువుల డాక్టరమ్మ వచ్చింది. మా ఆవిడకి శిక్షణ ఇచ్చిన అమ్మాయే. తలుపు మీద రాత చదివింది, నా బూట్లు చూసింది, చచ్చిన కోళ్ల నుంచి పరీక్షకి నమూనాలు తీసుకుని వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది. మా ఆవిడ కోళ్లని నా కాళ్లతో నేనే చంపుకున్నాను.

మర్నాడు పరీక్ష ఫలితంతో మళ్లీ వచ్చింది. "బర్డ్ ఫ్లూయే. మిగిలిన ఏడింటినీ కూడా తీసెయ్యాలి బాబాయ్. వదిలేస్తే వీధంతా పాకుతుంది."

"వీటికేం కాలేదు కదమ్మా. చూడు, తింటున్నాయి."

"ఇవాళ తింటాయి," అంది మెల్లగా.

తెల్ల తొడుగులు వేసుకుని ఆమె మనుషులిద్దరు లోపలికి వెళ్లారు. కోళ్లు బెదిరి పైకర్ర మీదికి ఎగిరాయి. దుమ్ము రేగింది. డాక్టరమ్మ వాళ్లని బయటికి పిలిచేసింది. "దుమ్ము లేపితే మనకే ప్రమాదం. అలవాటున్న మనిషి పట్టుకుంటే నయం. నువ్వు వెళ్తావా బాబాయ్?"

తొడుగూ మాస్కూ గ్లవుజులూ ఇచ్చారు. వాళ్ల బూట్లు మాత్రం నాకు పట్టలేదు.

"నీ బూట్లు బయటే వదిలెయ్. లోపల తొడుక్కునే చెప్పులేమైనా ఉన్నాయా?"

ఉన్నాయి.

నీలం చెప్పుల్లో కాళ్లు పెట్టాను. మడమలు సగం బయటికే ఉన్నాయి. ఒక అడుగు వేశాను. టప్ మంది. పైకర్ర మీద గోల ఆగిపోయింది. ఇంకో అడుగు వేశాను. ముందు కుంటి నల్లది దిగింది, దాని వెనకాలే మిగతావి. ఆరు నెలలుగా నా నీడ పడితే పారిపోయినవి, ఏడూ వచ్చి ఆ చెప్పుల చుట్టూ చేరాయి, ఇన్నాళ్లూ ఎక్కడికి పోయావన్నట్టు గొణుక్కుంటూ.

వంగి ఒక్కొక్కదాన్నీ ఎత్తి డాక్టరమ్మకి అందించాను. ఒక్కటి కూడా రెక్క కొట్టుకోలేదు.