బావి నీళ్ళలో డీజిల్

చాయ్‌లో డీజిల్ వాసన వచ్చిన రోజు నుంచీ తోటలో అందరి కళ్ళూ నా మీదే. అరబ్ ఎమిరేట్స్‌లో ఖోర్ ఫక్కాన్ దగ్గర ఆ ఖర్జూరం తోటలో మెకానిక్కును నేను. షెడ్డులో నేను ఒలకబోసే ఆయిలు ఇసుకలోకి ఇంకి, తోట చివరనున్న బావిలో కలుస్తోందట. ఒక్క చుక్క కింద పోనివ్వను, అంతా డ్రముల్లోనే పడుతుందని మొత్తుకున్నా వినే నాథుడు లేడు.

చివరికి తోట యజమాని, మా వీసాలిచ్చిన కఫీల్ నా షెడ్డు ముందుకొచ్చి తేల్చేశాడు. "నూర్ మొహమ్మద్, శుక్రవారానికి నీళ్ళు బాగుపడకపోతే నువ్వు ఇంటికే."

నాకు ఒళ్ళు మండిపోయింది. అనుమానాలు వాళ్ళకేనా ఉండేది? పక్క తోటవాడి మీద నాకు అనుమానం, డీజిల్ ట్యాంకరు డ్రైవరు మీద అనుమానం. శుక్రవారం పొద్దున్నే బావిలోకి తొంగిచూశాను. పైన గట్టు మీద ఉండాల్సిన నీళ్ళు తోడే డీజిల్ ఇంజను లోపల, నీళ్ళకు జానెడు ఎత్తులో రాతి అరుగు మీద కూర్చుని ఉంది! దాని ట్యాంకు నుంచి డీజిల్ బొట్లు బొట్లుగా నీళ్ళలో పడుతోంది.

తోటకు నీళ్ళు పెట్టే హన్మాండ్లును పిలిచాను. కరీంనగర్ వైపు మనిషి.

"దీన్ని లోపలికి దించిందెవరన్నా?"

"నేనే భాయ్!" అన్నాడు గర్వంగా. "నీళ్ళు కిందికి వోయినయ్, పైకెంచి గుంజుతలేదు. మా ఊళ్ళె గిట్లనే, నీళ్ళు దిగితే ఇంజన్ గూడ దించుతం. నాతోని పనిజేసే ఆశన్న, నేను మోకు గట్టి దించినం."

ఓరి నాయనో అనుకున్నాను. అంతలో కఫీల్ రానే వచ్చాడు. లోపలికి చూసి, హన్మాండ్లు వైపు వేలు చూపించి అరబ్బీలో ఏమిటిదని అరిచాడు. హన్మాండ్లుకు అరబ్బీ ముక్క రాదు. నా ముఖంకేసి చూశాడు.

వీడి పనేనని ఒక్క మాట అంటే నా పీడ పోతుంది. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ మనసొప్పలేదు. "తోట ఎండిపోతుందని ఇంజను దించారు సాబ్. ట్యాంకు పాతదై కారుతోంది. ఇవాళే పైకి లాగి, బావి మొత్తం తోడించేస్తాను" అని అరబ్బీలోనే చెప్పాను.

"యల్లా, ఖలాస్!" ఇక అయిపోయింది, పని కానివ్వమని నా భుజం తట్టి వెళ్ళిపోయాడు కఫీల్.

హన్మాండ్లు ముఖం మాడిపోయింది. "నా మీద ఏం జెప్పినవ్?"

"నీ నౌకరీ నిలబెట్టినానన్నా! అల్లా మీద ఒట్టు."

"మరి నీ బుజమెందుకు తట్టిండు?"

నాకు ఏడుపొచ్చింది. మోకు అందుకోబోతే నా చెయ్యి తోసేసి, ఆశన్నను కేకేశాడు.