ఉతకకూడని చొక్కా

హీరో తండ్రి వేషం తాలూకు పట్టుపంచె మడత తీర్చి పక్కన పెట్టి, బాలమణి ఇస్త్రీపెట్టెను మళ్ళీ చేతిలోకి తీసుకుంది. ఫిల్మ్‌నగర్ స్టూడియోలో కాస్ట్యూమ్ గది అంటే రేకుల కప్పు కింద కొలిమి. కుడి ముంజేతి మీద గాజుల పక్కనే కాలిన మచ్చలు ఇంకో వరస గాజుల్లా ఉంటాయి. నడుం లాగేస్తోంది. కూర్చుంటే మళ్ళీ లేవడం కష్టమని నిలబడే ఉంది.

పట్టుపంచె తరవాత తన కొడుకు చొక్కా. హనుమంతు వాయుసేనలో విమానాలకు మరమ్మతులు చేస్తాడు. సెలవు మీద వచ్చాడు కానీ, కార్గిల్‌లో యుద్ధం మొదలైందని వెంటనే రమ్మంటూ నిన్న తంతి వచ్చింది. సాయంత్రం బండికి వెళ్ళిపోతాడు. యూనిఫాం చొక్కా స్టూడియో ఇస్త్రీపెట్టె కింద పడితేనే అంచు కత్తిలా నిలుస్తుందని పొద్దున తనే వెంట తెచ్చుకుంది. ఇస్త్రీ చేసి దండేనికి తగిలించి, అన్నం తినడానికి వెళ్ళింది.

వాడి సెలవంతా నిద్రకే సరిపోయింది. చొక్కా విప్పితే వీపు మీద కొత్తగా కాలిన మచ్చ. అడిగితే "ఏం లేదే" అని అటు తిరిగి పడుకున్నాడు. ఉత్తరాల్లోనూ అదే వరస. బాలమణికి చదువు రాదు, కాస్ట్యూమర్ కింద పనిచేసే మంజులత చదివి పెట్టేది. "అమ్మా, నేను మంచిగున్న. తిండి మంచిగుంటది. నా ఫికర్ పెట్టుకోకు." ఏ ఉత్తరం విప్పినా ఇంతే. జ్వరంతో ఆసుపత్రిలో పడి ఉన్న నెలలోనూ ఇదే రాశాడు మహానుభావుడు. ఈమె మాత్రం తక్కువ తిన్నదా? కళ్ళు తిరిగి పడిపోయిన మర్నాడు కూడా "నేను మంచిగున్న" అనే రాయించింది.

అన్నం తిని వచ్చేసరికి దండెం మీద చొక్కా లేదు.

పేపర్లలో యుద్ధం వార్తలు రాగానే నిర్మాత కథలో విమానాల సీనొకటి ఇరికించాడు. బాలమణి చొక్కా వెతుక్కుంటూ షూటింగ్ ఫ్లోరు గుమ్మంలోకి వచ్చేసరికి, లైట్ల కింద ఎవరో జూనియర్ ఆర్టిస్టు వెల్లకిలా పడి ఉన్నాడు. ఛాతీ నిండా ఎర్రగా రక్తం. కాలరు గుండీకి వేరే రంగు దారం. ఆ దారంతో కుట్టింది తనే.

కొంగు నోట్లో కుక్కుకుంది. షాట్ నడుస్తుంటే దగ్గు కూడా మింగే అలవాటు ఆమెది. "కట్" వినబడ్డాక చచ్చినవాడు లేచి, టీ తెమ్మన్నాడు.

కాసేపటికి మంజులత ఆ చొక్కా తెచ్చి హ్యాంగరుకు తగిలించి, ఒక చీటీ కట్టింది. "ఉతకకూడదు" అని రాసే ఆ చీటీని బాలమణి అక్షరాలు రాకపోయినా గుర్తుపడుతుంది.

"గా అంగి నా కొడుకుది, మంజులమ్మా."

మంజులత నోరు తెరిచింది. "అయ్యయ్యో! దండెం మీదుంటే మనదే అనుకున్నానక్కా. ఇప్పుడెలా? సీను సగమే అయ్యింది. రేపు పొద్దున ఈ మరక ఇలాగే ఉండాలి."

"రేపా? మళ్ల సస్తడా గీ అంగిల?"

దండెం మీదకు ఎక్కిందల్లా సినిమాదే. నెత్తుటి బట్టను సీను పూర్తయ్యేదాకా నీళ్ళకు చూపించకూడదు. ఈ రెండూ కొత్తవాళ్ళకు నూరిపోసేది బాలమణే. ఒకసారి ఎవరో మరక ఉతికేస్తే ఒక పూట షూటింగే ఆగిపోయింది. ఆరోజు ఆ మనిషిని అందరికంటే ఎక్కువ తిట్టిందీ ఈమే.

చొక్కా తీసుకుని కుళాయి దగ్గరికి వెళ్ళింది.

"పని పోతుందక్కా!"

"పోతే పోనీ. నా పేరే చెప్పు."

రుద్దింది. సబ్బు పెట్టి మళ్ళీ రుద్దింది. రంగు నీళ్ళని తెలుసు, వాసన కూడా తియ్యగానే ఉంది. అయినా బాలమణికి ఏడుపు ఆగలేదు. నీళ్ళు తెల్లగా వచ్చేదాకా లేవలేదు.

పిండి ఆరేసేలోగానే హనుమంతు బ్యాగు భుజాన వేసుకుని స్టూడియో గేటు దగ్గరికి వచ్చాడు. ముఖంలో ఇంకా నిద్ర తీరలేదు.

"పచ్చిగున్నదేందే అమ్మా?"

"చెమట వాసనుండె. జర జాడిచ్చిన."

"బండ్ల ఆరుతది తీ." ప్లాస్టిక్ కవరులో చుట్టి బ్యాగులో పెట్టుకున్నాడు. వంగి కాళ్ళకు దండం పెట్టాడు. "పోంగనే ఉత్తరం రాస్త."

"రాయి బిడ్డా."

ఆటో మలుపు తిరిగిపోయింది. బాలమణి తడిచేతులు చీర కొంగుకు తుడుచుకుంటూ గదిలోకి వచ్చి, ఇస్త్రీపెట్టె స్విచ్చి వేసింది.

"అబ్బాయికి చెప్పావా అక్కా?" మంజులత మెల్లగా అడిగింది.

"చెప్పలే. వాడు నాకు అన్నీ చెప్తడా?"

గోడ మేకుకు ఖాళీ హ్యాంగరు వేలాడుతోంది, మెడకు ఉతకకూడదన్న చీటీతో.