రెండో కొస

లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసే వేడి రోలరు కొత్తామె కుడిచేతిని మణికట్టు దాకా లాక్కున్నప్పుడు సూపర్‌వైజరు పరుగెత్తుకొచ్చి మొదట అడిగిన మాట, "దుప్పటికి మరక అంటిందా?" అని. ఆ మాట వదిన చెవులారా విన్నది. చేతులు లోపల పడకుండా రోలరు ముందు ఉండాల్సిన ఇనుప జాలీని, పని జోరు తగ్గుతోందని విప్పించి మూల పడేయించింది కూడా ఆయనే. చేతికి కట్టుతో కొత్తామె మళ్లీ గేటు దగ్గరికొస్తే, "ఒంటిచేత్తో దుప్పటి ఎలా మడుస్తావమ్మా, ఇంటికెళ్లు" అని పంపేశాడు. ఆ తర్వాత కూడా ఆమె రోజూ వచ్చి గేటు బయట నిలబడి పోతూనే ఉంది.

వదిన అంటే ఆ లాండ్రీలో అందరికీ వదినే. ఊళ్లోని మునిసిపల్ ఆసుపత్రుల దుప్పట్లు ఉతికి, ఆరబెట్టి, మడిచి పంపే చోటు అది. మడత పని ఇద్దరిది. ఒకరు ఈ కొస పట్టుకోవాలి, ఇంకొకరు ఆ కొస పట్టుకోవాలి. ఏళ్ల తరబడి వదినకు ఎదురుగా నిలబడ్డది సొంత ఆడపడుచే. ఆడపడుచు అర్ధమొగుడంటారు గానీ, దుప్పటి చేతిలో ఉన్నంతసేపూ వీళ్లిద్దరి మధ్య మాటతో పనే ఉండేది కాదు. బయట మాత్రం ఆమె నోరున్న మనిషి. పనివాళ్ల సంఘం పెట్టింది. సంఘం ఆమెను ఎన్నికల్లో నిలబెట్టింది, గెలిపించి మునిసిపల్ కౌన్సిలుకు పంపింది. అందరూ సంబరపడుతుంటే వదిన, "బాగానే ఉంది, రేపట్నుంచి నా ఎదురుగా నిలబడేదెవరు?" అని గొణిగింది. అలా వచ్చినదే కొత్తామె.

లాండ్రీ కాంట్రాక్టు పొడిగింపు కౌన్సిలు ముందుకొచ్చింది. ఆడపడుచు వదిన ఇంటికొచ్చి గడపలోనే కూలబడింది.

"జాలీ బిగించాలి, కొత్తామెను పనిలోకి తీసుకోవాలి. ఆ రెండూ ఒప్పుకుంటేనే కాంట్రాక్టు. అదే నా తీర్మానం. నువ్వూ వచ్చి కూర్చో వదినా."

"నా మోకాళ్లే నా మాట వినడం లేదు. నేనొచ్చి ఏం చెయ్యను?"

"ఏం చెయ్యొద్దు. ఎదురుగా కనపడు, చాలు."

వదిన వెళ్లింది. ఓట్లప్పుడు లాండ్రీ గేటు దగ్గర చేతులు జోడించిన ముఖాలన్నీ ఆ హాల్లో ఉన్నాయి. ఆడపడుచు లేచి తీర్మానం చదివింది. చైర్మన్ తలెత్తకుండానే, "బలపరిచే సభ్యులెవరైనా ఉన్నారా?" అన్నాడు. ఒకాయన ఫ్యాను వంక చూశాడు. ఇంకొకాయన కళ్లద్దాలు తీసి, అవి ఇన్నాళ్లూ మురికిగా ఉన్నట్టు తుడవడం మొదలెట్టాడు.

"బలపరిచేవారు లేరు. చర్చకు రాదు. తర్వాతి అంశం."

అంతే. వదిన గొడవ జరుగుతుందనుకుంది, తిట్టుకుంటారనుకుంది. తిట్టినా బాగుండేది.

బయట మెట్ల మీద ఆడపడుచు తీర్మానం కాగితాన్ని సంచిలో కుక్కేసుకుంది. "ఓడించినా బాధపడేదాన్ని కాదు వదినా. నేనసలు నోరే తెరవనట్టు చేశారు."

వదినకు కోపం కూడా రాలేదు. కోపానికీ ఓపిక కావాలి. "రెండో కొస పట్టేవాళ్లు లేకపోతే నువ్వొక్కదానివీ ఏం మడుస్తావే," అంది. అన్నాక ఆ మాటను తనే మళ్లీ మనసులో తిప్పుకుంది. ఇంటిదాకా తిప్పుకుంటూనే నడిచింది.

మర్నాడు టీ వేళ నానబెట్టే తొట్ల దగ్గర అందరూ చేరారు.

"కౌన్సిలరునే పూచికపుల్ల కింద తీసేశారు. మనమెంత?" అన్నాడు ఇస్త్రీ తాత.

"సమ్మె చేద్దామా అంటే రోగులేం పాపం చేశారు?" అంది తొట్ల దగ్గర పనిచేసే ఆమె.

వదిన తొట్టి అంచుకు ఆనుకుని, మోకాళ్లు రుద్దుకుంటూ చెప్పింది. "ఉతుకుదాం. ఆరబెడదాం. పంపుదాం. మడత లేకపోయినా రోగికి దుప్పటి దుప్పటే. మడిచి కట్ట కడితేగానీ బిల్లు రానిది కాంట్రాక్టరుకి."

"మడవకపోతే పని మానేశారని తీసేస్తారు కదా?"

"మానేదెవరు? అందరం దుప్పటి పట్టుకుందాం. ఒక్కొక్కళ్లం ఒక్కో కొసే పట్టుకుందాం."

ముందు ఇస్త్రీ తాత నవ్వాడు. అలిసిపోయినవాడి నవ్వే గానీ, అది ఒకరి నుంచి ఒకరికి అంటుకుంది.

మర్నాడు పొద్దున మడత హాల్లో ఆడా మగా వరసగా నిలబడ్డారు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో దుప్పటి, ఒక కొస మాత్రమే. మిగతాదంతా నేల మీద పరిచిన గుడ్డ మీద పడి ఉంది.

"ఏంటీ వేషాలు? రెండో కొస పట్టుకోరేం?" అని అరిచాడు సూపర్‌వైజరు.

"బలపరిచేవారు లేరండీ," అంది వదిన.

మధ్యాహ్నానికి కాంట్రాక్టరు వచ్చాడు. బతిమాలాడు, బెదిరించాడు. చివరికి సూపర్‌వైజరును ఎదురుగా నిలబెట్టుకుని తనే ఒక దుప్పటి మడవబోతే, అది ఎలకలు లాగిన పక్కబట్టలా తయారైంది. అప్పుడు పోలీసులకు ఫోన్ చేశాడు. పోలీసులకన్నా ముందు ఆడపడుచు వచ్చింది. ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. ఒక దుప్పటి తీసుకుని, ఒక కొస పట్టుకుని వదిన పక్కన నిలబడింది.

"కౌన్సిలరు మీరు. మీకిక్కడేం పని?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"నా పనే ఇది. మధ్యలో కౌన్సిలుకు వెళ్లొచ్చానంతే."

పరాయి ఆవరణలో చొరబడిందన్నారు, చెయ్యి పట్టుకున్నారు. పోతూ పోతూ ఆమె తన కొసను వదిన రెండో చేతిలో పెట్టింది. ఆ వేళ్లు చల్లగా ఉన్నాయి. వదినకు ఏడుపొచ్చింది, కానీ కళ్లు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

"నాయకురాలు పోయింది. ఇంకెంతసేపు నిలబడతారో చూస్తా," అన్నాడు కాంట్రాక్టరు.

పోలీసు వ్యాను కోసం తెరిచిన గేటు ఇంకా వెయ్యలేదు. ఆ గేటులోంచి కొత్తామె లోపలికొచ్చింది. కుడిచేతికి కట్టు అలాగే ఉంది. తిన్నగా మడత హాల్లోకి, ఆడపడుచు నిలబడ్డ చోటికి నడిచింది.

సూపర్‌వైజరు అడ్డం వచ్చాడు. "నీకిక్కడ పని లేదని చెప్పానా? ఒంటిచేత్తో ఏం చేస్తావు?"

వదిన కాస్త పక్కకు జరిగి చోటిచ్చింది. ఆడపడుచు కొసను కొత్తామె ఎడమచేత్తో అందుకుంది.

"ఒక కొసకు ఒక చెయ్యి చాలండీ," అంది.