మొదటి తప్పు దగ్గరే

ఇంటిమీద సోలార్ పలకలు పెట్టుకోవాలన్నా, గోడకి బ్యాటరీ బిగించుకోవాలన్నా మా ఆఫీసు అనుమతి కావాలి. ఆ ప్లాన్లు చూసేది నేను. మొదటి తప్పు కనబడగానే అదొక్కటే రాసి ఫైలు తిప్పి పంపేస్తాను. మిగతావి మళ్లీ వచ్చినప్పుడు. ఇలాగైతే రోజుకి బోలెడు ఫైళ్లు తేల్చినట్టు కనబడుతుంది. ఈ దిక్కుమాలిన తెలివి నాదే. పైవాళ్లు భుజం తట్టారు కూడా. పక్షపాతం ఉండకూడదని ఫైలు మీద పేరు, చిరునామా ఉండవు, నంబరే ఉంటుంది.

మా బావకి ఊపిరితిత్తులు పాడై, ఆక్సిజన్ మెషిన్ మీదే బతికేవాడు. కరెంటు పోయినప్పుడల్లా అక్క ప్రాణాలు అరచేతిలో పెట్టుకునేది. ఇంట్లో ఉన్న చిన్న సిలిండరు గంటకి మించి రాదు. పోయిన వారం మధ్యాహ్నం మూడు గంటలు కరెంటు లేదు. అంబులెన్సు వచ్చేసరికి బావ లేడు.

నిన్న అక్క ఇంట్లో చేతులు కడుక్కోవడానికి పెరటి వరండాలోకి వెళ్లాను. గోడకి కొత్త బ్యాటరీ ఉంది. ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు. ఇదెప్పటిదని అడిగితే, పెట్టించి ఐదు నెలలైందని, పర్మిషన్ లేకుండా ఎలక్ట్రీషియన్ స్విచ్ వేయనన్నాడని చెప్పింది. నాకొక్క మాట చెప్పలేదేమని నోరు జారాను.

"ఆఫీసు గొడవలు ఇంట్లో ఎత్తొద్దని నువ్వేగా కసిరావు. వాణ్ణి ఇబ్బంది పెట్టకు, మన వంతు వస్తుందిలే అన్నాడు మీ బావ."

లోపలికెళ్లి నాలుగు కాగితాలు తెచ్చిచ్చింది. కిటికీకీ బ్యాటరీకీ మధ్య దూరం రాయలేదు. బ్రేకరు సైజు లేదు. గోడ కొలత లేదు. సంతకం కింద తేదీ లేదు. ఒక్కోదానికీ ఐదేసి వారాలు. అన్నీ నా మాటలే. మొదటి రోజే నాలుగూ ఒకే కాగితం మీద రాసుంటే బావ బతికేవాడు. నామీద నాకే అసహ్యం వేసింది.

"ఇవి రాసినవాణ్ణి ఒక్కసారి చూడాలనుందిరా. అన్నీ ఒకేసారి చెప్తే నీ సొమ్మేం పోయేదని అడగాలి. ఎవరో నీకు తెలుసా?"

తెలియదన్నాను.

ఇవాళ ఆఫీసులో ఆ కాగితాల మీది నంబరు వెతికాను. తేదీ వేసిన సంతకంతో ఆ ఫైలు తొమ్మిది రోజులుగా నా దగ్గరే ఉంది. ఎంత వెతికినా తప్పు లేదు. అనుమతి ఇచ్చాను.

పది నిమిషాలకి అక్క ఫోన్ చేసింది.

"తమ్ముడూ, పర్మిషన్ వచ్చిందిరా," అంది. "ఇప్పుడు దీన్నేం చేసుకోను?"